తోలు గట్టిదనం గుట్టు 67 నానోమీటర్లలో!

కొల్లాజెన్ పోగుపై చారలను కొలిచి చూపుతున్న సూక్ష్మదర్శినులు
తుమ్మ చెక్క నుంచి ఎముకల జబ్బుల వరకూ అదే కొలబద్ద

తుమ్మలపల్లె (వేముల మండలం): తుమ్మలపల్లె పేరు చెప్పగానే నేడు ఎవరికైనా యురేనియం గని స్ఫురిస్తుంది. కానీ ఊరి పేరులో నిలిచి ఉన్నది ఖనిజం కాదు, తుమ్మ చెట్టు. నల్లతుమ్మ బెరడుకు, తంగేడు చెక్కకు, కరక్కాయకు ఒకప్పుడు రాయలసీమ పల్లెల్లో ఉన్న విలువ ఈ తరానికి అంతగా తెలియదు. రెండు మూడు రోజుల్లో కుళ్లి కంపు కొట్టవలసిన పచ్చితోలు, ఆ బెరడు కషాయంలో వారాల తరబడి నాని బయటకు వస్తే ఏళ్ల తరబడి చెక్కుచెదరదు. కిర్రు చెప్పులు, బావిలో నీళ్లు తోడే కపిలబాన, కమ్మరి కొలిమి తిత్తి అన్నీ ఆ కషాయం చలవే. తోళ్లు పదును చేసిన మాదిగ వృత్తిదారులకు అది ఎందుకు జరుగుతుందో పుస్తకాల్లో ఎవరూ చెప్పలేదు. ఎలా చేయాలో మాత్రం వారికి క్షుణ్ణంగా తెలుసు. ఎందుకు అన్న ప్రశ్నకు సమాధానం వెతకడానికి శాస్త్రజ్ఞులకు ఇరవయ్యో శతాబ్దమంతా పట్టింది. ఆ సమాధానం కొల్లాజెన్ అనే మాంసకృత్తులో, దాని పోగుపై ఉండే అతి సన్నని చారల్లో ఉంది.

మేకకైనా మనిషికైనా ఒకటే పోగు

క్షీరదాల శరీరంలోని మొత్తం మాంసకృత్తుల్లో సుమారు నాలుగో వంతు కొల్లాజెనే. చర్మం, ఎముక, పన్ను, కండను ఎముకకు కట్టివుంచే స్నాయువు, కంటి నల్లగుడ్డుపై ఉండే పారదర్శకపు పొర, వీటన్నింటికీ అదే పునాది. పొట్టేలు కాళ్లను సన్నని సెగపై గంటల తరబడి ఉడికించి చేసిన పాయ, చల్లారాక గిన్నెలో గడ్డకట్టి వణుకుతూ ఉంటుంది. కొల్లాజెన్ వేడికి విచ్చుకుపోయి జిలాటిన్‌గా మారడమే అందుకు కారణం. వంటింటి వారికి అది రుచి, రసాయన శాస్త్రవేత్తకు అది ఒక అల్లిక ఊడిపోవడం.

ఆ అల్లికను లోపలి నుంచి మొదలుపెట్టి చూడాలి. ఒక కొల్లాజెన్ అణువులో మూడు గొలుసులు ఉంటాయి. ఒక్కో గొలుసులో సుమారు వెయ్యి అమైనో ఆమ్లాలు వరుసకట్టి ఉంటాయి. ఆ మూడు గొలుసులు జడపాయల్లా ఒకదానినొకటి పెనవేసుకుని ఒక సన్నని కడ్డీగా ఏర్పడతాయి. కడ్డీ పొడవు దాదాపు 300 నానోమీటర్లు, మందం ఒకటిన్నర నానోమీటర్లు మాత్రమే. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోమీటరు. ఇటువంటి కడ్డీలు వేలాదిగా పక్కపక్కన చేరి ఒక పోగు అవుతుంది. చర్మంలోనూ, స్నాయువులోనూ ఆ పోగు మందం ఎక్కువగా 50 నుంచి 200 నానోమీటర్ల మధ్య ఉంటుంది. ఒక తలవెంట్రుక మందంలో ఇటువంటి పోగులను వందలాదిగా పక్కపక్కన పేర్చవచ్చు. పోగులు కట్టలై పీచు, పీచులు అల్లుకుని తోలు. చర్మకారుడి చేతికి తగిలేది ఈ చివరి అంచె మాత్రమే.

మద్రాసులో తేలిన మూడు పేటలు

కొల్లాజెన్ కథలో తెలుగువారికి, దక్షిణాదికి పెద్ద భాగమే ఉంది. మద్రాసులో 1948లో కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ ఏర్పడింది. అప్పటి గుంటూరు జిల్లా యలవర్రులో 1922లో రైతు కుటుంబంలో పుట్టిన యలవర్తి నాయుడమ్మ ఆ సంస్థకు 1958 నుంచి 1971 వరకు సంచాలకుడిగా పనిచేశారు. తోలు పనిని అంటరాని పనిగా చూసే సమాజంలో ఒక రైతుబిడ్డ దానినే తన శాస్త్రంగా ఎంచుకోవడం ఆనాటికి చిన్న విషయం కాదు. ఆయన చదువుకున్నది కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో, పరిశోధన చేసింది అమెరికాలోని లీహై విశ్వవిద్యాలయంలో. పదును చేసే పదార్థం తోలులోని కొల్లాజెన్‌ను ఎలా పట్టుకుంటుందన్నదే ఆయనకు ముఖ్యమైన ప్రశ్న. 1985 జూన్ 23న ఎయిరిండియా కనిష్క విమానం పేల్చివేతలో ఆయన మరణించారు.

ఆ సంస్థ పొరుగునే మద్రాసు విశ్వవిద్యాలయ భౌతికశాస్త్ర విభాగం ఉండేది. దానికి అధిపతిగా 1952లో వచ్చిన జి.ఎన్.రామచంద్రన్‌కు అప్పటికి ముప్పై ఏళ్లు. ఆ రోజుల్లో మద్రాసు వచ్చిన బ్రిటిష్ శాస్త్రవేత్త జె.డి.బెర్నాల్, కొల్లాజెన్ నిర్మాణం ఇంకా ఎవరికీ అంతుబట్టలేదని మాటల్లో ప్రస్తావించారు. రామచంద్రన్ ఆ పనికే పూనుకున్నారు. ఎక్స్-కిరణాల చిత్రం స్పష్టంగా రావాలంటే పోగులన్నీ ఒకే దిక్కున సాగిన స్వచ్ఛమైన కొల్లాజెన్ కావాలి. కంగారూ తోకలోని స్నాయువు అందుకు తగినదని తెలిసింది. పొరుగునున్న తోళ్ల సంస్థ ద్వారా అది ఆయన చేతికి అందింది. గోపీనాథ్ కర్తాతో కలిసి ఆయన 1954లో ‘నేచర్’ పత్రికలో మూడు గొలుసుల నమూనా ప్రకటించారు. మరుసటి ఏడాది ఆ మూడు గొలుసులు తాడు పేటల్లా మెలితిరిగి ఉంటాయని సవరించారు. 1955లోనే కేంబ్రిడ్జిలో అలెగ్జాండర్ రిచ్, ఫ్రాన్సిస్ క్రిక్ తమ నమూనాతో ముందుకు వచ్చి, మద్రాసు నమూనాలో కొన్ని పరమాణువులు మరీ దగ్గరగా ఉన్నాయని విమర్శించారు. ఆ విమర్శకు బదులు వెతికే క్రమంలోనే 1963లో ‘రామచంద్రన్ పటం’ వెలువడింది. ఏ మాంసకృత్తు నిర్మాణం తేల్చినా ప్రపంచమంతా నేటికీ దానితోనే సరిచూసుకుంటోంది. మూడు పేటల మూల భావన మాత్రం మద్రాసుదే.

ఈ మెలికకు ఒక కఠిన నియమం ఉంది. గొలుసులో ప్రతి మూడో స్థానంలో గ్లైసిన్ అనే అమైనో ఆమ్లం ఉండి తీరాలి. అన్నింటిలోకీ చిన్నది అదే. మూడు పేటల నడుమ ఉన్న ఇరుకు చోటులో మరేదీ పట్టదు. ఆ నియమం ఒక్క చోట తప్పితే ఏమవుతుందో ముందు చెప్పుకుందాం.

పోగుపై చారలు

అణువు నిర్మాణం ఎక్స్-కిరణాలతో తేలింది. పోగు నిర్మాణం కంటితో చూసి కొలవవలసిన పని. ఇక్కడ మామూలు సూక్ష్మదర్శిని చేతులెత్తేస్తుంది. కళాశాల ప్రయోగశాలలో ఎంత ఖరీదైన కటకం బిగించినా, సుమారు 200 నానోమీటర్ల కన్నా దగ్గరగా ఉన్న రెండు గీతలను కాంతి విడదీసి చూపలేదు. ఈ హద్దును జర్మనీకి చెందిన ఎర్నెస్ట్ అబ్బే 1873లోనే చెప్పారు. కాంతి తరంగమే ఆ గీతల కన్నా పెద్దది మరి! బొంత నూలు దబ్బనంతో సన్న పట్టుచీర కుట్టబోయినట్లు ఉంటుంది ఆ ప్రయత్నం.

కాంతికి బదులు ఎలక్ట్రాన్లను వాడే సూక్ష్మదర్శినిని 1931లో మాక్స్ నోల్, ఎర్నెస్ట్ రుస్కా తయారుచేశారు. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో ఫ్రాన్సిస్ ష్మిట్, సెసిల్ హాల్, మేరీ జేకస్ 1942లో కొల్లాజెన్ పోగులను ఆ యంత్రం కింద పెట్టి చూసిన ఫలితాలు ప్రచురించారు. పోగు పొడవునా క్రమం తప్పని అడ్డచారలు కనిపించాయి. ఒక చార నుంచి తర్వాతి చారకు దూరం దాదాపు 64 నానోమీటర్లని ఆనాడు లెక్కగట్టారు. తడిగా ఉన్న స్నాయువులో ఎక్స్-కిరణాలతో కొలిస్తే అది 67 నానోమీటర్లు. తేడా ఎందుకంటే, ఎలక్ట్రాన్ యంత్రంలో గాలి ఉండదు. అందులో పెట్టే నమూనా పూర్తిగా ఎండాలి. ఎండితే పోగు ముడుచుకుంటుంది. పచ్చితోలు ఎండకు ఎలా బిగుసుకుంటుందో చూసినవారికి ఇది వింత కాదు. 67 నానోమీటర్ల లెక్కన ఒక్క మిల్లీమీటరు పోగుపై సుమారు 15 వేల చారలు ఉంటాయి.

చారలు ఎలా వస్తున్నాయన్నది 1963లో హాడ్జ్, పెట్రుస్కా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు వివరించారు. గోడ కట్టే మేస్త్రీ ఇటుకల అతుకులన్నీ ఒకే నిలువులో రానీయడు. ఒక్కో వరుసను కాస్త జరిపి పేరుస్తాడు. కొల్లాజెన్ కడ్డీలూ అంతే. పక్క కడ్డీ కన్నా ప్రతిదీ 67 నానోమీటర్లు జరిగి కూర్చుంటుంది. అయితే కడ్డీ పొడవు 67కు సరిగ్గా అయిదు రెట్లు కాదు, నాలుగున్నర రెట్లకు కొంచెం తక్కువ. అందువల్ల ఒక కడ్డీ ముగిసి అదే వరుసలో తర్వాతి కడ్డీ మొదలయ్యేలోగా కొంత ఖాళీ మిగిలిపోతుంది. ఖాళీలున్న భాగం సుమారు 36 నానోమీటర్లు, కడ్డీలు నిండుగా ఉన్న భాగం సుమారు 31. రెండూ కలిస్తే 67. పోగుకు బరువైన లోహపు ఉప్పు ద్రావణం అద్దితే అది ఖాళీల్లోకి చేరి ఎలక్ట్రాన్లను అడ్డగిస్తుంది. అక్కడ నల్లచార, పక్కన తెల్లచార పడతాయి. ఎముక తయారయ్యేటప్పుడు సున్నపు స్ఫటికాలు మొదట చోటు చేసుకునేది కూడా ఈ ఖాళీల్లోనే. అంటే ఆ 36 నానోమీటర్ల ఖాళీ లోపం కాదు, ఎముకకు అవసరమైన గూడు.

కొనతో తడిమి చూసే యంత్రం

నమూనాను ఎండబెట్టి లోహం అద్దే అవస్థ తప్పించిన యంత్రం 1986లో వచ్చింది. దాని పేరు అటామిక్ ఫోర్స్ మైక్రోస్కోపు. గెర్డ్ బిన్నిగ్, కాల్విన్ క్వేట్, క్రిస్టోఫ్ గెర్బర్ దాన్ని రూపొందించారు. ఇందులో చూడటం లేదు, తడమడమే ఉంది. గుడ్డివాడు చేతికర్రతో దారి ఎత్తుపల్లాలు తెలుసుకున్నట్లు, కొన్ని నానోమీటర్ల కొన ఉన్న సూది నమూనా మీద వరుసలు వరుసలుగా నడుస్తుంది. సూది బిగించిన సన్నని పట్టీ వీపు మీద లేజర్ కాంతి పడి, ఎదురుగా ఉన్న కాంతి గ్రాహకం మీదికి పరావర్తనం చెందుతుంది. పిల్లలు ఎండలో అద్దం ముక్క పట్టుకుని ఎదురింటి గోడ మీద వెలుగు ఆడిస్తారు. అద్దం ఇసుమంత కదిలితే గోడ మీద వెలుగు బారెడు కదులుతుంది. ఇక్కడా అదే కిటుకు. సూది నానోమీటరులో కొంత భాగం లేచినా ఆ కదలిక పెద్దదై నమోదవుతుంది. కొల్లాజెన్ పోగు మీద నిండు భాగం దిమ్మెలా, ఖాళీ భాగం పల్లంలా తెలుస్తుంది. ఆ రెండింటి ఎత్తుల తేడా కొద్ది నానోమీటర్లే. గాలిలోనే కాదు, నీళ్లలో మునిగి ఉన్న పోగును కూడా ఈ యంత్రం తడమగలదు.

కొలతలో మోసపోయే చోట్లు లేకపోలేదు. సూది కొనకూ కొంత మందం ఉంటుంది. పోగు అంచు దాకా వెళ్లకముందే కొన పక్కభాగం దానికి తగులుతుంది. దీంతో చిత్రంలో పోగు అసలు కన్నా వెడల్పుగా కనిపిస్తుంది. అందుకే మందం చెప్పేటప్పుడు వెడల్పును కాక ఎత్తును నమ్ముతారు. సూది నడక తూకం తప్పిందా అన్నది చూసుకోవడానికి, ముందే కొలత తెలిసిన గీతల పలకను అదే యంత్రంలో పెట్టి సరిచూస్తారు. బంగారం తూచే ముందు త్రాసు ముల్లు చూసుకోవడం ప్రొద్దుటూరు వ్యాపారులకు కొత్త కాదు.

చారల దూరాన్ని ఒక్క చార చూసి చెప్పరు. జమ్మలమడుగు మగ్గం మీద గళ్ల బట్ట గడి కొలత కావాలంటే ఒక్క గడిని కొలిచేకన్నా, వరసగా ఇరవై గళ్లను కొలిచి ఇరవైతో భాగిస్తే పొరపాటు తగ్గుతుంది. పోగు చిత్రానికీ అదే సూత్రం. నిటారుగా ఉన్న పోగు ముక్కను ఎంచుకుని, దానిపై ఎత్తుపల్లాలు ఎంత దూరానికి ఒకసారి మళ్లీ మళ్లీ వస్తున్నాయో కంప్యూటరు ఫూరియర్ గణితంతో లెక్కకడుతుంది. ఇలా వందలాది పోగులను విడివిడిగా కొలుస్తారు. ఎక్స్-కిరణాలు కోట్ల పోగుల సగటును ఒకేసారి చెబుతాయి. సూక్ష్మదర్శిని మాత్రం ఏ పోగు కొలత దానిదిగా చెబుతుంది. ఊరి సగటు పంట దిగుబడి చెప్పడానికీ, ఏ రైతు పొలంలో ఎంత పండిందో చెప్పడానికీ ఉన్న తేడా ఇది. ఎండిన పంట ఎవరిదో సగటులో కనిపించదు.

గొర్రె ఎముకలు చెప్పిన సంగతి

అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయ బృందం 2010లో ప్రచురించిన ఫలితాలతో ఈ తేడా విలువ స్పష్టమైంది. ఎముకలోని పోగులన్నింటికీ ఒకే 67 నానోమీటర్ల దూరం లేదని, కొన్ని నానోమీటర్ల మేర అటూ ఇటూ ఉన్న పోగులు ఆరోగ్యవంతమైన ఎముకలోనే ఉంటాయని వారు కొలిచి చూపారు. అండాశయాలు తొలగించిన గొర్రెల ఎముకలను, తొలగించని వాటి ఎముకలతో పోల్చి చూశారు. ఈస్ట్రోజన్ హార్మోను తగ్గిన గొర్రెల్లో తక్కువ దూరం ఉన్న పోగుల వాటా పెరిగింది. సగటు చూసి ఊరుకుని ఉంటే ఆ మార్పు అంత స్పష్టంగా పట్టుబడేది కాదు.

గొర్రెలపై ఈ పరీక్ష ఎందుకంటే, ముట్లుడిగిన మహిళల్లోనూ అదే హార్మోను తగ్గుతుంది. యాభై అయిదు, అరవై ఏళ్ల వయసులో వాకిట్లో కాలుజారి పడి తుంటి విరిగి మంచం పట్టిన తల్లులు లేని పల్లె ఉండదు. ఎముకలో సున్నం ఎంత ఉందో చెప్పే పరీక్షలు పట్టణాల్లో ఉన్నాయి. అయితే ఆ పరీక్షలో ఒకే సంఖ్య వచ్చిన ఇద్దరిలో ఒకరికి ఎముక విరగడం, మరొకరికి విరగకపోవడం వైద్యులకు అనుభవమే. సున్నం ఎముకకు గట్టిదనం ఇస్తుంది. విరగకుండా సాగే గుణం కొల్లాజెన్‌ది. గోడలో సిమెంటు ఎంత ఉందో చూసి, కమ్మీ సంగతి చూడకపోతే ఎలా? గొర్రెల్లో కనిపించిన మార్పే మహిళల ఎముకల విరుగుళ్లకు కారణమని ఇంకా రుజువు కాలేదు. పోగును కూడా కొలవాలన్న దారి మాత్రం తెరుచుకుంది.

ఇంతకుముందు చెప్పుకున్న గ్లైసిన్ నియమం ఇక్కడే అక్కరకొస్తుంది. వెయ్యి స్థానాల గొలుసులో ఒక్క గ్లైసిన్ స్థానంలో మరో అమైనో ఆమ్లం చేరినా మెలిక అక్కడ చెదరవచ్చు. చిన్న దెబ్బకే పసిపిల్లల ఎముకలు పుటుక్కున విరిగే పుట్టుజబ్బుకు చాలా సందర్భాల్లో ఇదే కారణం. అటువంటి మార్పు ఉన్న ఎలుకల ఎముకల్లో పోగుల చారల దూరం చెదిరిందని అదే విశ్వవిద్యాలయ బృందం 2011లో ప్రకటించింది. మాటిమాటికీ ఎముక విరిగే బిడ్డను తల్లిదండ్రులే కొట్టారని అనుమానించే సందర్భాలు లోకమంతటా ఉన్నాయి. అటువంటి ఇళ్లకు ఈ జబ్బు పేరు తెలియడమే పెద్ద ఊరట.

ప్రసంగవశాత్తూ మరో మాట. ముఖానికి రాసే కొల్లాజెన్ లేపనాల ప్రకటనలు ఇప్పుడు ఎక్కడ చూసినా కనిపిస్తున్నాయి. 300 నానోమీటర్ల కడ్డీ చర్మం పైపొరను దాటి లోపలికి దిగి, అక్కడి పోగుల్లో 67 నానోమీటర్ల వరుస చూసుకుని కూర్చోవడం జరిగే పని కాదు. అవి చర్మాన్ని తేమగా ఉంచవచ్చు, అంతే. శరీరం తన కొల్లాజెన్‌ను తానే అల్లుకుంటుంది. అందుకు దానికి విటమిన్-సి తప్పనిసరి. అది లేకపోతే మూడు పేటలు నిలవవు. పూర్వం నెలల తరబడి ఓడల్లో తిరిగిన నావికులకు చిగుళ్లు కారి, మానిన గాయాలు మళ్లీ విచ్చుకున్నది ఇందుకే. ఉసిరి, జామ, నిమ్మ తినేవారికి ఆ భయం లేదు.

తుమ్మ చెక్క పట్టు

ఇక మొదటి ప్రశ్న. పచ్చితోలు ఎందుకు కుళ్లుతుంది, తుమ్మ కషాయం దాన్ని ఎలా ఆపుతుంది? తడిగా ఉన్న పోగును సూక్ష్మజీవుల ఎంజైములు ముక్కలు చేస్తాయి. తుమ్మ బెరడులో, తంగేడు చెక్కలో, కరక్కాయలో నాలుక పీక్కుపోయేంత వగరు ఉంటుంది. అదే టానిన్. నాలుక మీద, లాలాజలంలో ఉన్న మాంసకృత్తులను అది పట్టుకోవడమే వగరు. తోలులోనూ అది కొల్లాజెన్‌ను అలాగే పట్టుకుంటుంది. ఒక టానిన్ అణువుకు చాలా చేతులు ఉంటాయి. పక్కపక్కనున్న కడ్డీలను, పోగులను హైడ్రోజన్ బంధాలతో కలిపి బిగిస్తుంది. దీంతో ఎంజైములకు పట్టు దొరకదు.

ఈ పట్టును కొలవడానికి చర్మ పరిశ్రమలో సులువైన పరీక్ష ఒకటి ఉంది. తోలు ముక్కను నీళ్లలో వేలాడదీసి మెల్లగా వేడిచేస్తారు. ఏ వేడికి ముక్క ఒక్కసారిగా ముడుచుకుంటుందో అదే దాని బలం. పచ్చితోలు 60 నుంచి 65 డిగ్రీల సెల్సియస్ వద్దే ముడుచుకుపోతుంది. చెక్కతో పదును చేసినది 75 నుంచి 85 డిగ్రీల వరకు ఓర్చుకుంటుంది. క్రోమియం లవణాలతో పదును చేసినది మరిగే నీటికీ లొంగదు. క్రోమియం కొల్లాజెన్ గొలుసులోని ఆమ్ల భాగాలను పట్టుకుంటుంది. వారాల పని ఒకటి రెండు రోజుల్లో ముగుస్తుంది. అందుకే లోకంలో అధికభాగం తోలు నేడు క్రోమియంతోనే తయారవుతోంది. దాని వెల తమిళనాడులోని పాలారు ఒడ్డున చూడవచ్చు. చర్మశుద్ధి కర్మాగారాల వ్యర్థాలు చేరి అక్కడి బావుల నీరు, పొలాలు దశాబ్దాలుగా దెబ్బతిన్నాయి. క్రోమియం లేకుండా, లేదా తక్కువతో, అంతే బిగువు తెచ్చే పదార్థం కోసం జరుగుతున్న వెతుకులాటలో ఇవే సూక్ష్మదర్శినులు పనికొస్తున్నాయి. కొత్త పదార్థం పోగు లోపలికి దిగిందా, పైపైనే అతుక్కుందా, చారల దూరం మారిందా, పోగులు విడివిడిగా ఉన్నాయా, ఒకదానికొకటి అంటుకుపోయాయా అన్నది ఆ చిత్రాల్లో తెలుస్తుంది.

పదునే చేయని తోలుకూ రాయలసీమలో ఒక వాడకం ఉంది. అనంతపురం వైపున ధర్మవరం సమీపంలోని నిమ్మలకుంటలో తోలుబొమ్మలు గీసే కళాకారులు మేకతోలును వెంట్రుకలు తీసి, శుభ్రపరచి, బిగువుగా లాగి ఆరబెడతారు. ఆ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ లభించింది. లాగి ఆరబెట్టినప్పుడు తోలులోని పీచులు బల్లపరుపుగా పరుచుకుని ఒకదానికొకటి అతుక్కుంటాయి. నడుమనున్న గాలి ఖాళీలు తగ్గుతాయి. వెలుగును చెదరగొట్టేది ఆ ఖాళీలే గనుక అవి తగ్గిన కొద్దీ తోలు దీపపు వెలుగును లోపలి నుంచి రానిస్తుంది. సీతమ్మ చీర ఎరుపు, హనుమంతుడి పచ్చదనం తెర మీద వెలగడానికి అదే కారణం. కంటి పారదర్శకపు పొరలోనూ ఉన్నది కొల్లాజెనే. అక్కడ పోగులన్నీ 25 నుంచి 30 నానోమీటర్ల మందంతో, దాదాపు సమాన దూరంలో నిలబడి ఉంటాయి. గాయమై మచ్చ పడితే ఆ దూరాలు చెదిరి, అంతవరకూ అద్దంలా ఉన్న పొర తెల్లబడి చూపును అడ్డుకుంటుంది.